నడవా చివరి స్విచ్చు

ఆ ఇల్లు ఒకప్పుడు మగపిల్లల హాస్టలు. అది మూతపడ్డాక, అందులోనే వార్డెనుగా జుట్టు నెరిపించుకున్న పెద్దమనిషి దాన్ని ముచ్చటపడి కొనేశాడు. ఊడ్చేది తను కాదు కదా!

"ఇన్ని గదులు! రాజభవనమే!" అన్నాడాయన.

"అవును, రాణిగారి చేతిలో చీపురుంటుంది. అంతే తేడా" అంది భార్య.

ఇప్పుడాయనకు మతిమరుపు జబ్బు. ముందు భార్య పేరు పోయింది, తర్వాత ఆమె ఎవరో పోయింది, ఆఖరికి మాటే పోయింది. మిగిలింది నడక ఒక్కటే. వీధి తలుపుకు తాళం వేస్తే ఊరుకున్నాడు గానీ, పెరటి తలుపుకు వేసిన రోజున బాది బాది చేతులు పగలగొట్టుకున్నాడు. ఆ తలుపు దాటితే లారీల రోడ్డు.

ఆమె తమ్ముడు వచ్చి పెరటి తలుపుకు సెన్సర్ బిగించాడు. తలుపు తెరిస్తే అక్క ఫోను మోగాలి. మోగలేదు.

"ముందుగదిలో వైఫై పెట్టె పెడితే పెరటిదాకా సిగ్నల్ అందట్లేదక్కా. ఏం గోడలివి! బావ ఇల్లు కొన్నాడా, కోట కొన్నాడా?"

"కోటేరా. సైన్యమే నేనొక్కదాన్ని."

నడవా చివర ప్లగ్గులో ఇంకో చిన్న డబ్బా పెట్టాడు. దానికి పచ్చ దీపం. "ఇది ఇక్కడ విన్నది అక్కడ చెప్తుంది."

"మా ఆడపడుచులాగన్నమాట."

ఫోను మోగింది. ఆ పూట ఆమె చాన్నాళ్ల తర్వాత కూర్చుని అన్నం తింది.

నాలుగు రోజులు గడవకుండానే ఇస్త్రీబండి అతను వార్డెనుగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒక కాలికే చెప్పుంది.

"రోడ్డు మధ్యన నిలబడిపోయారమ్మా. లారీవాడు బ్రేకేశాడు కాబట్టి సరిపోయింది."

ఆమె నడుముకున్న ఫోను కిక్కురుమనలేదు. ఆమె అదే ఫోనులో తమ్ముణ్ని పిలిచింది.

తమ్ముడు డబ్బా మార్చాడు, పెట్టె జరిపాడు. పగలంతా పలికేది, పొద్దుగూకేసరికి మూగబోయేది.

"దయ్యమేదో పట్టిందక్కా."

"దయ్యమైతే నయమేరా, వదిలించేవాళ్లున్నారు."

ఆ సాయంత్రం ఆమె నడవాలో పీట వేసుకుని కాపలా కూర్చుంది. వార్డెనుగారు గదిలోంచి వచ్చాడు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, లోపలికి చెయ్యి పోనిచ్చి, తడిమి, టిక్కుమని స్విచ్చు కట్టేస్తున్నాడు. నడవా చివర డబ్బా స్విచ్చు కూడా టిక్కుమంది. పచ్చ దీపం ఆరింది. ఆయన ఖాళీ గదులవైపు తిరిగాడు.

"పడుకోండ్రా. పొద్దున్నే లేవాలి."

అదే గొంతు. అదే గదమాయింపు. ఆమె పైట నోట్లో కుక్కుకుంది.

మర్నాడు తమ్ముడితో అంది, "ఆ ఒక్క మాటా ఉండనిద్దాంరా."

"స్విచ్చు కట్టాకే పెరట్లోకి పోతున్నాడక్కా. లారీ రోజూ ఆగుతుందా?"

ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి అందించింది. తమ్ముడు స్విచ్చును గోడకే ఉంచి, లోపల వైరు మాత్రం డబ్బాకు నేరుగా కలిపేశాడు. "నొక్కుకుంటే నొక్కుకోనీ, పాపం!"

సాయంత్రం ఆయన వచ్చాడు. టిక్. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ, మళ్లీ. దీపం ఆరకుండా పిల్లల్ని పడుకోమనడం ఏ వార్డెనుకీ చేతకాదు. వేలు ఎర్రబడేదాకా నొక్కి, చంటివాడిలా పెదవి విరిచి, వెనక్కి వెళ్లిపోయాడు.

ఆమె పరుగున పోయి దీపం మీద నల్ల ప్లాస్టరు అంటించింది. నా బుద్ధి మండా, ఈ ఆలోచన ముందే రాకూడదూ!

మర్నాడు పొద్దుగూకింది. ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భుజం పట్టి లేపబోతే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నడకా పోయింది.

తమ్ముడు ఫోన్ చేశాడు. "సిగ్నల్ ఎలా ఉందక్కా?"

"నిండుగా ఉందిరా."

ఫోను పెట్టేసి అన్ని గదుల్లోనూ లైట్లు వేసింది. పెరటికి వెళ్లి తలుపు బార్లా తెరిచింది. నడుముకున్న ఫోను ఇల్లదిరేలా మోగింది. మోగనిచ్చింది. లోపల కుర్చీ కిర్రుమంటుందేమోనని చెవులు రిక్కించి నిలబడింది.

మోగి మోగి ఫోను ఆగిపోయింది. ఆమె తలుపు మూసి, ఒక్కొక్క గదికీ వెళ్లి లైట్లు కట్టేసుకుంటూ వచ్చింది.