సెలవులో ఉన్న జీపు

కాలిపోయిన ఫ్యాను మోటారు విప్పి, నల్లబడిన రాగితీగను పోగు పోగుగా లాగేస్తోంది వైండింగ్ అక్క. ఆ వీధిలో ఆమెను అందరూ పిలిచే పేరు అదే. షాపు గది అద్దెది. ఒప్పందం గడువు ఇంకా చాలా ఉంది. అయినా ఓనరుగారికి ఈ మధ్య ఆ గది మీద కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఖాళీ చెయ్యమని ఆయన అడగడం, కుదరదని ఈమె చెప్పడం మామూలైపోయింది.

ఆ రోజు ఓనరు తన బామ్మర్దిని వెంటబెట్టుకొచ్చాడు. బామ్మర్ది పోలీసు ఎస్సై. గళ్ల చొక్కా, చెప్పులు వేసుకుని వచ్చాడు.

"ఏమ్మా, మా బావగారి మాట కాస్త ఆలోచించకూడదా?" అన్నాడు మర్యాదగానే.

"ఆలోచించానండీ. గడువు తీరేదాకా కదిలేది లేదు. టీ తాగుతారా?" అంది అక్క.

తాగాడు, వెళ్లిపోయాడు. షాపులో ఆమెకు తోడుగా పనిచేసే ఆడపడుచు గ్లాసులు కడుగుతూ, "బామ్మర్ది సిఫారసు టీతో సరి, వదినా!" అని పకపకా నవ్వింది.

మరుసటి వారం అదే మనిషి యూనిఫాంలో జీపు దిగాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. వాళ్ల పక్కన దర్జాగా ఓనరు.

"ఏయ్, మూసెయ్ షాపు! సామాను తీస్తావా, స్టేషన్‌కి పదమంటావా?"

గొంతు అదే. కానీ ఈసారి కుదరదన్న మాట అక్క నోట రాలేదు. సగం చుట్టిన మోటార్లు, జనం నమ్మి ఇచ్చిపోయిన ఫ్యాన్లు రోడ్డు మీదికి చేరాయి. తాళం కూడా ఆమె చేతే వేయించి, తాళంచెవి ఓనరు చేతిలో పెట్టించారు.

పాఠకులారా, ఇలాంటివి మనం చూస్తూనే ఉంటాం. 'వాళ్లూ వాళ్లూ చూసుకుంటార్లే' అనుకుని పక్కనుంచి నడిచిపోతాం. ఆ గదితోపాటు ఇద్దరు ఆడవాళ్ల బతుకుతెరువు వీధిన పడిందని మనకు తట్టదు.

వదినా ఆడపడుచులు వెళ్లి పోలీసు పెద్దాఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. అధికారి చదివి పెదవి విరిచాడు.

"ఆ రోజు ఆయన సెలవులో ఉన్నాడమ్మా. బావగారి కోసం బామ్మర్దిగా వెళ్లాడు. ఇది మీ సొంత తగాదా. డిపార్టుమెంటుకేం సంబంధం?"

"మనిషి సెలవు పెట్టాడు సరేనండీ, జీపు కూడా సెలవు పెట్టిందా?" అంది ఆడపడుచు.

అక్క ఆమె చెయ్యి గిల్లింది గానీ, బయటికొచ్చాక ఆ ప్రశ్న ఆమెనూ పట్టుకుంది. ఆ పట్టుతోనే ఓనరు మీదా, పోలీసు శాఖ మీదా కోర్టుకెక్కారు.

కోర్టులో ప్రభుత్వ లాయరు ఆ సెలవు మాటే మళ్లీ చెప్పాడు. న్యాయమూర్తి ఒక పెద్దావిడ. ఆమె అక్క వైపు తిరిగారు.

"ఓనరు ఎన్నిసార్లు అడిగినా మీరు కదల్లేదు కదా. మరి ఆ రోజు మీ చేత్తో మీరే తాళం ఎందుకు వేశారు?"

అక్క తల దించుకుంది. ఇన్నాళ్లూ ఆమెను లోలోపల తినేస్తున్న సిగ్గు అదే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాక, సిగ్గుపడాల్సింది తను కాదని ఆమెకే తెలిసొచ్చింది. తలెత్తి చెప్పింది.

"అంతకు ముందు వారం ఈ ఎస్సైగారే మామూలు గళ్ల చొక్కాలో వచ్చి ఇదే అడిగారమ్మా. అప్పుడు నాకు భయం వెయ్యలేదు. టీ ఇచ్చి, కుదరదని పంపించాను. మనిషి మారలేదు, చుట్టరికం మారలేదు. మారింది బట్టలూ బండీ. బామ్మర్దిగారి మాటకైతే నేను తాళం వేసేదాన్ని కాదు. ఆ యూనిఫాం చూసి వేశాను."

న్యాయమూర్తి ఆ మాటలు కాగితం మీద రాసుకున్నారు.

తీర్పు రోజున న్యాయమూర్తి నెమ్మదిగా చదివారు. "అధికారి సొంతంగా చేసే ప్రతి పనినీ ప్రభుత్వానికి అంటగట్టలేం. గళ్ల చొక్కాలో వచ్చి అడిగింది చుట్టం మాటే, అందులో తప్పు లేదు. కానీ యూనిఫాం, జీపు, 'స్టేషన్‌కి పద' అనే బెదిరింపు ఏ చుట్టానికీ ఉండవు. ప్రభుత్వం ఇచ్చిన అధికారం చూపించి చేసిన పని, సెలవు రోజున చేసినా ప్రభుత్వం పనే. ఆ అధికారాన్ని పక్కన నిలబడి వాడుకున్న ఓనరు కూడా 'నేను మామూలు మనిషిని' అని తప్పుకోలేడు."

గది తిరిగి అప్పగించాలనీ, నష్టం పోలీసు శాఖా ఓనరూ కలిసి భరించాలనీ, ఎస్సై మీద విచారణ జరపాలనీ ఆదేశించారు.

తాళంచెవి పట్టుకుని ఓనరే రావాల్సి వచ్చింది. "మీ చేత్తోనే ఎత్తండి బాబూ, మా నడుములు నొప్పి!" అని ఆడపడుచు షట్టరు ఆయన చేతే ఎత్తించింది. వీధి వీధంతా తలో మోటారూ మోసుకొచ్చింది. సాయంత్రానికి అక్క చుట్టిన మొదటి ఫ్యాను గిర్రున తిరిగేసరికి ఒకటే చప్పట్లు.

"అంత పెద్ద డిపార్టుమెంటు మీద ఎలా గెలిచావే అమ్మాయ్?" అని అడిగాడు పక్క కొట్టు ముసలాయన.

అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, అందరికీ వినపడేలా చెప్పింది.

"చుట్టంగా వచ్చినవాళ్లకి కుదరదని చెప్పుకోవచ్చు బాబాయ్. ఆ మాట నోట రాకుండా చేసింది ప్రభుత్వం ఇచ్చిన బలమైతే, దానికి జవాబు చెప్పాల్సింది కూడా ప్రభుత్వమే!"