బీరువాలో ఉన్న పూట

నేను ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ పాటీని. చిన్నపిల్లలు ఒంటికీ రెంటికీ కూర్చునే బుల్లి కుర్చీని. ఫ్యాక్టరీలో నాకు బాతు మొహం పెట్టి, నవ్వు కూడా వాళ్లే గీశారు.

మొదట ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఉన్నాను. వాళ్లబ్బాయి నా మీద కూర్చున్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టేవారు. చుట్టాలొస్తే మాత్రం నన్ను మంచం కిందకి తోసేవారు. మనుషులకు నేను కావాలి, కనిపించకూడదు.

వాడు పెద్దవాడయ్యాక నన్ను కోనసీమలో ఒక అంగన్‌వాడీకి ఇచ్చేశారు. అక్కడి ఆయా నూకరత్నం. వెనకాలే పంటకాలువ. అంతవరకూ పిల్లలంతా ఆ గట్టు మీదే కూర్చునేవారు. ఆ అలవాటు మాన్పించాలని రత్నం నన్ను గదిలో ఓ మూల, పాత చీర తెరగా కట్టి, దాని వెనక పెట్టింది. పిల్లను కూర్చోబెట్టేది, కడిగేది, నాలో ఉన్నది మరుగుదొడ్డిలో పారబోసి నన్ను తోమేది. ఆ పైన పిల్ల చేతులకూ తన చేతులకూ సబ్బు.

“నలుగురి ముందూ కూకోకూడదమ్మా, సిగ్గు కదా. వత్తే నాకు సెప్పాల,” అనేది.

మూడేళ్ల లిఖిత ఎంతకీ చెప్పేది కాదు. నెల్లాళ్లు బట్టల్లోనే పోసుకుంది. రత్నం ఒక్కసారీ విసుక్కోలేదు. ఓ ఉదయం ఆ పిల్ల తనంతట తనే వచ్చి, కొంగు లాగి, “ఆయమ్మా, వత్తంది” అంది. రత్నం దాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పింది.

ఆ మరుసటి రోజే పై అధికారులు వస్తున్నారని కబురు.

“పెద్దోళ్లొచ్చే టైముకి ఇదేంటి ఇక్కడ? లోపల పెట్టెయ్,” అంది విమల టీచరు. మరుగుదొడ్డికి కొత్తగా సున్నం కొట్టించి, మాసిపోతుందని తాళం వేయించింది. రత్నం నన్ను బీరువాలో పెట్టి తలుపు మూసింది.

జీపు ఆగిన చప్పుడు వినిపించింది. పిల్లల పాట, చప్పట్లు. తరవాత బీరువా దగ్గరే ఆ గొంతు.

“ఆయమ్మా, వత్తంది.”

“ఒక్క నిమిషం ఆగు నా తల్లీ, సార్లకి టీ ఇచ్చేసి వత్తాను.”

“ఆయమ్మా...”

“ఆగమ్మా!”

చిన్న చెయ్యి బీరువా తలుపును రెండుసార్లు తట్టింది. నేనెక్కడున్నానో దానికి తెలుసు. తరవాత చిన్న అడుగులు వెనక గుమ్మం వైపు వెళ్లాయి.

నలుగురి ముందూ కూర్చోకూడదని దానికి బాగా వంటపట్టింది. ఎవరికీ కనపడకుండా గట్టు దిగి, రెల్లు చాటుకు వెళ్లింది. అప్పుడే కాలువకు కొత్త నీరు వదిలారు. జారిపోయింది. మధ్యాహ్నానికి రెండు తూముల అవతల దొరికింది.

దినాలయ్యాక లిఖిత తల్లి దుర్గ వచ్చింది, పిల్ల ఇక్కడ అన్నం తినే గిన్నె పట్టుకెళ్లడానికి. బీరువా తలుపు వారగా తీసి ఉంది. రత్నం తల ఎత్తలేదు.

“నా పిల్ల నిన్ను అడిగిందా అక్కా?”

రత్నం లేదని అనొచ్చు. తను కాక విన్నది నేనొక్కదాన్నే.

“అడిగింది. రెండుసార్లు అడిగింది. నేనే ఆగమన్నాను.”

దుర్గ గోడకు చేరబడింది.

“ఇంట్లో ఎప్పుడూ సెప్పేది కాదు. అయితే, అడగడం వచ్చేసిందన్నమాట.”

గిన్నె ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. రత్నం మూరెడు దూరంలో కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఒకరినొకరు ముట్టుకోలేదు. లేచి వెళ్లనూ లేదు.