పెద్ద మావయ్యగారి మెషిన్ ఆపిన రోజు

గురువారం ఉదయం పదకొండున్నరకు, అంబాజీపేట శివారులోని ఒక వర్క్‌షాపులో, శిక్షణలో ఉన్న భవాని నడుస్తున్న మెషిన్‌ను ఆపేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ వర్క్‌షాపులో కొబ్బరికాయలు వలిచే మెషిన్లు తయారుచేస్తారు. ఒక వైపు కాయ వేస్తే ఎదురెదురుగా తిరిగే, పళ్లున్న రెండు రోలర్ల మధ్య పైనున్న పీచు డొక్క ఊడి కింద పడుతుంది. కాయ పిలకతో సహా రెండో వైపు నుంచి బయటికి వస్తుంది. పిలక ఊడిన కాయను వ్యాపారులు తీసుకోరు. అందుకని ప్రతి మెషిన్‌నూ కొన్నవాళ్ల ఎదుట, వాళ్ల తోట కాయలతోనే నడిపి చూపించి అప్పగిస్తారు. ఆ గురువారం వచ్చినవాళ్లు రాజోలు రైతులు. కాయలు బస్తాల్లో తెచ్చుకున్నారు. మెషిన్‌కు పసుపు, కుంకుమ వాళ్లే పెట్టారు.

నడిపింది వీర్రాజు. షాపు పెట్టిననాటి నుంచి ఉన్న ఫిట్టరు. భవాని భర్తకు పెదనాన్న, అంటే ఆమెకు పెద్ద మావయ్యగారు. షాపులో కొత్తవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి, ఆమెను తీసుకొచ్చి యజమాని సత్యనారాయణమూర్తికి చూపించింది ఆయనే.

భవాని ఐటీఐలో ఫిట్టరు చదివింది. పెళ్లయ్యాక అమలాపురంలో ఒక బట్టల కొట్టులో పనిచేసింది. అది మానేసి ఇక్కడ చేరింది. శిక్షణ ఆ వారంతో అయిపోతుంది. అయ్యాక పనిలో ఉంచుకునేదీ లేనిదీ యజమాని చెబుతాడు. కొట్టులో ఆమె చోటు అప్పటికే మరొకరికి ఇచ్చేశారు.

కొత్తవాళ్లకు పని నేర్పేది గణపతి. చాలాకాలం మస్కట్‌లో ఫ్యాక్టరీల్లో చేసి తిరిగొచ్చాడు. ఆయన మొదటి పాఠం మెషిన్ గురించి కాదు, మెషిన్ పక్క స్తంభానికున్న ఎర్ర బటను గురించి.

"మెషిన్ తిరుగుతున్నప్పుడు దాని దగ్గరున్న మనిషి చెయ్యి మీకు కనబడలేదనుకోండి. బటను నొక్కేయండి. అడగక్కర్లేదు. నొక్కేక అవసరం లేదని తేలినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

భవానితోపాటు చేరిన సాయిదుర్గాప్రసాద్ చెయ్యెత్తాడు. "నడిపేది మూర్తిగారైతేనోనండీ?"

"మూర్తిగారికి మాత్రం ఇనప చేతులున్నాయేటి?"

"మరి కరెంటు పోతేనండీ?"

"కరెంటు పోతే మెషినే ఆగుద్ది. నీ నోరే, ఏం పోయినా ఆగేలా లేదు."

చేతి తొడుగులో పీచు కూరి, దాన్ని రోలర్ల దగ్గరికి నెట్టి గణపతి పరీక్ష పెట్టాడు. అందరూ వెంటనే నొక్కారు. భవాని కూడా నొక్కింది.

తర్వాత కొన్నాళ్లకు అసలు సంగతి బయటపడింది. రోలర్ల మధ్య డొక్క ఇరుక్కుంటే వీర్రాజు మెషిన్ ఆపడు. వంగి, చేత్తో లాగేస్తాడు. ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నాడు. ఒక రోజు అలా చేస్తున్నప్పుడు భవాని పక్కనే ఉంది. ఆమె బటను దగ్గరికి వెళ్లలేదు. మెషిన్ చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వెళ్లింది.

"మావయ్యగారూ, కాస్త ఆపుతారాండీ?"

రోలర్ల చప్పుడులో ఆయనకు వినబడలేదు. డొక్క లాగి, చెయ్యి తీసి, ఏమ్మా అన్నట్టు చూశాడు. ఏమీ లేదండీ అంది.

గణపతి ఆమెను పక్కకు పిలిచాడు.

"ఎందుకు నొక్కలేదమ్మా?"

"అడిగేనండి."

"అడగమని ఎవరు చెప్పేరు?"

"ఆయన చేతిలో పనండీ. నేనెలా ఆపుతానండీ?"

ఆ షాపులో మెషిన్ దగ్గర పెద్దవాళ్లుంటే దాన్ని ఆపేది వాళ్లే. చిన్నవాళ్లు ఆగుతారు, లేదా అడుగుతారు. ఎవరూ పెట్టిన నియమం కాదు. పెద్దవాళ్ల చేతిలో పనిని మధ్యలో ఆపితే ఆ పని వాళ్లకు రాదని నలుగురిలో చెప్పినట్టు లెక్క.

"ఇంట్లో ఆయన కూర్చుంటే నువ్వు నిలబడమ్మా, నేను కాదనను," అన్నాడు గణపతి. "ఇక్కడ మాత్రం అలా కుదరదు. ఇంకోసారి ఇలా అయితే నిన్ను ఉంచుకోమని మూర్తిగారికి నేను చెప్పలేను."

"ఆయ్, అలాగేనండి," అంది భవాని.

గురువారం ట్రయల్‌లో భవాని కాయలు బయటికొచ్చే వైపు ఉంది. మా కోడలేనని వీర్రాజు రైతులకు ముందే చెప్పాడు. కొంతసేపు బాగానే నడిచింది. కాయలు పిలకలతో వస్తుంటే రైతులు ఒక్కొక్కటీ తీసి చూసి పక్కన పెడుతున్నారు. అప్పుడు డొక్క ఇరుక్కుంది. వీర్రాజు వంగాడు. భవాని నిలబడ్డచోటి నుంచి ఆయన భుజం, మోచెయ్యి కనబడ్డాయి. మోచెయ్యి తర్వాత ఏముందో కనబడలేదు. ఆమె మెషిన్ చుట్టూ తిరిగి ఆయన వెనకవైపు వచ్చి, ఆయన భుజం పక్కనుంచి చెయ్యి చాపి, బటను నొక్కింది.

రోలర్లు ఆగాయి. వీర్రాజు లేచి నిలబడ్డాడు. ఆయన చేతిలో మూరెడు కర్ర ఉంది. డొక్కను దానితో పొడుస్తున్నాడు. చెయ్యి రోలర్లకు దూరంగానే ఉంది.

"ఏమైందండీ?" అని ఒక రైతు అడిగాడు.

"ఏం లేదులే," అన్నాడు పక్కనున్న రైతు. "కోడలు మావగారికి బ్రేకేసింది."

రైతులు నవ్వారు. షాపులో వాళ్లలోనూ కొందరు నవ్వారు. వీర్రాజు కర్రను మెషిన్ మీద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ పూట తిరిగి రాలేదు. ఆయన లేకుండా మెషిన్ తీసుకోబోమని, సోమవారం మళ్లీ వస్తామని చెప్పి రైతులు వెళ్లారు.

సత్యనారాయణమూర్తి భవానిని, గణపతిని తన గదిలోకి పిలిచాడు.

"ఆయన చేతిలో కర్ర ఉందంటగా అమ్మా?"

"ఉందండి. నొక్కేక చూసేను."

"అయితే వెళ్లి ఓ మాట చెప్పేయ్. పొరపాటున నొక్కేనండీ అను. ఇంట్లోవాళ్లే కదా, సర్దుకుంటారు."

గణపతి కల్పించుకున్నాడు. "అలా చెప్పిస్తే రేపట్నుంచి ఈ షాపులో ఆ బటను ఎవరూ నొక్కరండి."

"కొనడానికొచ్చినవాళ్ల ముందు పరువు పోయింది గణపతీ."

"చెయ్యి పోతే ఉంటుందాండీ పరువు?"

యజమాని ఆమె వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"అంతమందిలో అలా అయినందుకు బాధగానే ఉందండి. ఆ మాట చెబుతాను. నొక్కడం పొరపాటని మాత్రం చెప్పలేనండి. నాకు ఆయన చెయ్యి కనబడలేదు."

"నిన్ను తెచ్చింది వీర్రాజుగారు. ఆయన వద్దంటే నేను ఉంచుకోలేను," అన్నాడు యజమాని.

వీర్రాజు ఇల్లూ భవాని అత్తవారి ఇల్లూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో గోడ లేదు. ఆ సాయంత్రం అత్తగారు వీరాయమ్మ కూర తరుగుతూ అడిగింది.

"బావగారి మెషిన్ ఆపేసేవంట?"

"ఆయ్."

"ఏమన్నారేంటి?"

"ఏమీ అనలేదండి."

"అంటేనే బాగుండును. ఆయన అరిస్తే ఆ పూటతో పోద్ది. ఏమీ అనలేదంటే, ఇంక రెండిళ్లలోనూ మూగనోమే."

భవాని వెళ్లి ఆయన అరుగు దగ్గర నిలబడింది. నలుగురిలో అలా అయినందుకు బాధపడుతున్నానని చెప్పింది. వీర్రాజు విన్నాడు. లోపలికెళ్లి పడుకున్నాడు. శుక్రవారం పనికి రాలేదు.

శనివారం వచ్చాడు. సత్యనారాయణమూర్తి షెడ్డులోకే వచ్చి ఆయన దగ్గర నిలబడ్డాడు. గణపతి, భవాని అక్కడే ఉన్నారు. మిగతావాళ్లు పనిచేస్తున్నట్టు కనబడుతూ వింటున్నారు.

"మీరేమంటే అదేనండి వీర్రాజుగారూ. అమ్మాయిని ఉంచమంటే ఉంచుతాను."

"నా చేతిలో కర్ర ఉందండి," అన్నాడు వీర్రాజు. "అది నిజం."

"మరేనండీ."

"ఆవేళ రైతులొచ్చేరని పట్టుకున్నానండి. రోజూ పట్టుకోను. రోజూ చెయ్యే పెడతాను. రోజూ చూస్తున్న పిల్లకి ఆవేళొక్కరోజు కర్ర ఉంటాదని ఎలా తెలుస్తాదండీ?"

సాయిదుర్గాప్రసాద్ పక్కవాడితో మెల్లగా, "కర్ర పట్టుకున్న రోజే దొరికిపోయేరు," అన్నాడు. అంత మెల్లగా అనలేదు.

"నువ్వు ముందు ఆ బోల్టు బిగించు నాయనా," అన్నాడు వీర్రాజు. "ఇందాకట్నుంచీ వదులు చేస్తున్నావు."

"అయితే ఉంచమంటారా?" అని యజమాని మళ్లీ అడిగాడు.

"ఉంచడానికే కదండీ తెచ్చేను." వీర్రాజు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. "నవ్వేరండి. అది వేరే సంగతి. అది ఈ పిల్ల మీద పెట్టను."

"సోమవారం అప్పగింత కానివ్వండి. అప్పుడు చెబుతాను," అన్నాడు సత్యనారాయణమూర్తి.

సోమవారం రాజోలు రైతులు పది గంటలకు వచ్చారు. యజమాని వీర్రాజును మొదలుపెట్టమన్నాడు. వీర్రాజు మెషిన్ దగ్గరికి వెళ్లలేదు. బస్తాల దగ్గర కూర్చుని ఒకదాని మూతి విప్పాడు.

"నేను కాయలందిస్తానండి. అమ్మాయి నడుపుద్ది."

గురువారం నవ్వించిన రైతు భవానిని పలకరించాడు. "ఏమ్మా, ఇవాళ ఎవరికి బ్రేకేస్తావు?"

"అవసరమైతే ఎవరికైనానండి," అంది. "కాస్త వెనక్కి జరగండి, మీ కండువా రోలర్ల వైపు వేలాడుతోంది."

ఆయన కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు.

మెషిన్ మధ్యాహ్నం దాకా నడిచింది. ఒకసారి డొక్క ఇరుక్కుంది. భవాని మెషిన్ ఆపింది. డొక్క తీసి మళ్లీ నడిపింది. అంతసేపూ వీర్రాజు కాయ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పిలక ఊడిన కాయలు మూడే తేలాయి. రైతులు సరేనన్నారు.

భోజనాలయ్యాక మెషిన్‌ను వ్యానులోకి ఎక్కించారు. భవానిని పనిలో ఉంచుకుంటున్నట్టు సత్యనారాయణమూర్తి ఆ సాయంత్రం చెప్పాడు. ఆమెకు ట్రయల్ పని ఇచ్చాడు, వీర్రాజుతోపాటు.