దుప్పటికి అవతలి కొస

బడిలో ఆ పిల్లను అందరూ గుసగుస అని పిలిచేవాళ్ళు. నోట్లో నాలుక లేని పిల్ల. హాజరు పలికితే పక్క బెంచీకే వినపడేది కాదు. అలాంటిది, చరిత్ర మేడం పెట్టిన వాదనల పోటీకి ఎవరో వేళాకోళానికి ఆమె పేరు ఇచ్చేశారు. తీసేయమని అడగాలన్నా నోరు విప్పాలి కదా. అందుకని ఉండిపోయింది.

మేడం ఆ ఏడు సాక్ష్యాన్ని ఎలా తూచాలో నేర్పుతోంది. అంశం కూడా అలాంటిదే ఇచ్చింది. నూరేళ్ళ కిందట, కొన్నిచోట్ల పెద్దింటివాళ్ళు గదిలో దీపాలార్పి, గొలుసులా చేతులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆత్మలను పిలిచే మనిషి తెర వెనక కుర్చీలో ఉండేది. కాసేపటికి తెర కదిలి తెల్లటి ఆకారం బయటికి నడిచొచ్చేది. తాకితే వెచ్చగా ఉందని చదువుకున్నవాళ్ళే రాసిపెట్టారు, ఫొటోలు కూడా తీశారు. వాటిని నమ్మవచ్చా, నమ్మకూడదా? ఎవరు ఏ వైపో చీటీలు తీశారు. గుసగుసకు నమ్మవచ్చనే చీటీ వచ్చింది. ఎదుటి వైపు ప్లీడరు. నిజం ప్లీడరు కాదు, నిద్రలో కూడా వాదించే తోటి పిల్ల.

గుసగుస లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని చదివింది. చదివినకొద్దీ ఒక్క ముక్క కూడా నమ్మబుద్ధి కాలేదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ గోళ్ళు కొరుక్కునేది. వాళ్ళింట్లో అంతకుముందు ఆ అలవాటు తమ్ముడిది. ఎంత తిట్టినా మానేవాడు కాదు. పోయిన వానాకాలం జ్వరం వచ్చి వాడు పోయాడు.

అమ్మ లాడ్జి దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఇచ్చేది. దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. ఇటు రెండు కొసలు ఒకరు, అటు రెండు కొసలు ఒకరు పట్టుకుని, బిర్రుగా లాగి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి అవతలి కొసలు ఇవతలి చేతుల్లో పెట్టాలి. అవతలి కొస ఎప్పుడూ తమ్ముడిదే. "అమ్మా, మనిద్దరం పెళ్ళిలో దండలు మార్చుకుంటున్నట్టు లేదూ?" అని నవ్వించేవాడు. దుప్పటి వెనక మొహం దాచుకుని నడిచొచ్చినా, వేళ్ళు తగలగానే ఏ వేలు ఏదో అమ్మ చెప్పేసేది. వాడు పోయాక గుసగుస వచ్చి పట్టుకోబోతే, "వద్దులే, చదువుకో" అంది. అప్పటినుంచీ ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి ఒక్కతే మడుస్తోంది.

పోటీ రోజు అమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. ప్లీడరు ముందు మాట్లాడి హాలంతా నవ్వించింది. దయ్యం దుస్తులు పల్చటి బట్ట అనీ, పిడికిట్లో పట్టేంత చిన్నగా మడిచి దాచేవాళ్ళనీ, ఎవరో సాహసించి దయ్యాన్ని పట్టుకుంటే ఆత్మలను పిలిచే మనిషే చేతికి చిక్కిందనీ చెప్పింది. గుసగుస లేచింది. మోసగాళ్ళు ఉన్నారని ముందే ఒప్పుకుంది. తర్వాత ఆమెకే తెలియని గొంతు ఒకటి పైకి వచ్చింది.

"పండితులు పొరబడొచ్చు. ఫొటో పొరబడొచ్చు. కానీ ఆ చీకట్లో కొందరు తల్లులు చెయ్యి పట్టుకుని, ఇది నా బిడ్డేనన్నారు. తల్లి తన బిడ్డ చేతిని పోల్చుకోలేదా?"

గెలుపు గుసగుసదే అన్నారు.

ఇంటికి నడుస్తూ అమ్మ వీధి మలుపులో ఆగి, "ఆ గది ఎంత చీకటిగా ఉండాలి?" అని అడిగింది.

"అమ్మా, అది నా మాట కాదు. చీటీలో అలా వచ్చింది."

"చీటీలో వస్తే మాత్రం? నువ్వు పుట్టాక ఒక్క అబద్ధం ఆడావా?"

ఆ సాయంత్రమంతా ప్లీడరు చెప్పినవన్నీ తనే తల్లికి చెప్పింది. తోడుదొంగలు తలుపుచాటునుంచి ఎలా వచ్చేవాళ్ళో, కొందరు చివరికి తామే మోసం ఒప్పుకున్నారనీ చెప్పింది. అమ్మ అడ్డురాకుండా విన్నది.

"ఆ తల్లులు కూడా అబద్ధమాడారా?"

"లేదమ్మా. పొరబడ్డారు."

"నేను పొరబడను," అంది అమ్మ, ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా.

నాన్న బస్సుల షెడ్డులో మెకానిక్కు. సంగతి విని చేతుల జిడ్డు తుడుచుకుంటూ, "నువ్వే అంటించావు, నువ్వే ఆర్పు తల్లీ" అని పనికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ సామాన్ల గది కిటికీకి దుప్పట్లు కట్టింది. ఒక్కదాన్నే ఉంటే గొలుసు కాదు, నువ్వూ రా అంది. గుసగుస ఒప్పుకుంది. కూర్చుంటే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే అమ్మే మానేస్తుంది. ఆమె లెక్క అది.

ట్రంకుపెట్టెకు అటూ ఇటూ కూర్చున్నారు. చేతులు చెమట పట్టి, కాసేపటికి గొలుసు విడిపోయింది. చీకట్లో కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడటం లేదు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. మళ్ళీ ఏమీ లేదు. అమ్మ ఊపిరి మాత్రం తెగుతూ తెగుతూ వినిపించింది. ఏడుస్తోందని గుసగుసకు అర్థమైంది. ఇక చాలమ్మా అందామని చెయ్యి చాచి అమ్మ చేతిమీద వేసింది.

అమ్మ ఆ చేతిని రెండు చేతులతో ఒడిసిపట్టుకుంది. బొటనవేలితో ఒక్కో గోరూ తడిమింది. కొరికేసిన గోళ్ళు, చివర గరుకు.

"వచ్చావా నాన్నా," అంది. "గోళ్ళు కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పానురా."

నేనమ్మా అంటే చాలు. కానీ ఆ మాట అంటే తమ్ముడు రెండోసారి పోతాడు. వాడి చెయ్యి తనకు తెలుసన్న నమ్మకం ఒక్కటే అమ్మకు మిగిలింది, అదీ పోతుంది. నలుగురిలో గలగలా వచ్చిన గొంతు ఇప్పుడు పెగల్లేదు. అమ్మ పట్టు సడలేదాకా ఆగి, చేతిని మెల్లగా వెనక్కు తీసుకుంది.

దుప్పట్లు తీశాక వెలుతురులో అమ్మ మొహం ఎన్నాళ్ళకో తేటగా ఉంది. "నీకు తెలిసిందా?"

"నాకేమీ తెలియలేదమ్మా."

"నీకెలా తెలుస్తుందిలే. నువ్వు తల్లివి కావుగా."

మర్నాడు సాయంత్రం అమ్మ దండెం మీది దుప్పట్లు లోపలికి తెచ్చింది. పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఒక దుప్పటి విదిలించి, వాడు పోయాక మొదటిసారి, అవతలి కొసను కూతురి వైపు విసిరి, "పట్టుకోవే" అంది.

వాడు ఉన్నప్పటినుంచీ గుసగుస కోరుకున్నది ఆ కొసనే. చేతులు ముందుకు వచ్చాయి కూడా. పట్టుకుంటే సగం మడిచి ఎదురు నడవాలి. అమ్మ వేళ్ళకు తన వేళ్ళు తగులుతాయి. చేతులు వెనక్కు పెట్టుకుంది.

"పరీక్షలమ్మా. చదువుకోవాలి."

"పోనీలే," అంది అమ్మ, ఏ కష్టమూ లేనట్టు. "ఆదివారం వాడొస్తాడుగా." కొసను గడ్డం కింద నొక్కిపెట్టి మడవసాగింది.

గుసగుస గోడవైపు తిరిగి పుస్తకం తెరిచింది. గోళ్ళు చూసుకుంది. అప్పుడే కాస్త కాస్త పెరుగుతున్నాయి. ఆదివారానికి ఇంకా పెరుగుతాయి. వెనక దుప్పటి టపాటపా దులుపుతున్న చప్పుడు వింటూ, చిటికెనవేలు నోట్లో పెట్టుకుంది.