నాలుగో కొక్కెం

ఆ ఏడాది ఆరు రాళ్ళు వెనక్కి వచ్చాయి. వచ్చాయి అనడం కూడా తప్పే. రాళ్ళు పోయి, ఖాళీ ఉంగరాలు వచ్చాయి. ఒకటి స్నానాల గది గొట్టంలో పడిపోయిందట, ఒకటి బస్సులోనట. ఒక టీచరమ్మ మూడు రోజులు ఇంటి చెత్తంతా జల్లెడ పట్టి, చివరికి కళ్ళు తుడుచుకుంటూ దుకాణం మెట్లెక్కింది. అంతకు ముందు ముప్పై ఒక్క ఏళ్ళలో అలా వచ్చినవి రెండంటే రెండు. దుకాణదారు ఆరునీ రెండునీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. వ్యాపారికి ఏ జబ్బైనా ముందు అంకెల్లోనే కనబడుతుంది.

రాళ్ళు పొదిగేది అతని బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. దుకాణం వెనక గదిలో, కిటికీ పక్క బల్ల అతనిది. రాయి చుట్టూ నిలబడే సన్నని బంగారు కొక్కేలకు లోపలివైపు వెంట్రుకంత గాడి కోసి, రాయి అంచును ఆ గాడిలో కూర్చోబెట్టి, ఒక్కో కొక్కేన్ని రాయి మీదికి వంచి నొక్కుతాడు. గాడి లోతెక్కువైతే కొక్కెం విరుగుతుంది, తక్కువైతే రాయి ఊగుతుంది. పని అయ్యాక ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూసేవాడు. రాయి ఏమాత్రం వదులుగా ఉన్నా లోపల చిన్నగా టిక్కుమంటుంది. ఎవరికీ అందని టిక్కు కూడా అతనికి అందేదని పేరు. పక్క దుకాణాల వాళ్ళు సైతం తమ సరుకు తెచ్చి ఆ చెవికి వినిపించుకుని పోయేవారు. వీధిలో అతన్ని చెవులాయన అనేవారు.

ఆ చెవే పోయిందని దుకాణదారు అనుమానం. ఫోను నెత్తిమీద మోగుతున్నా ఎత్తడం లేదు. వెనక నుంచి అక్క పిలిస్తే పలకడం లేదు.

"ఏమయ్యా, చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని ఒకసారి అడిగాడు.

"పుట్టినప్పటి నుంచీ మా అక్క మాటలు మోసిన చెవులు బావా. వాటికీ కాస్త సెలవియ్యొద్దా?" అని నవ్వేశాడు బావమరిది.

గట్టిగా అడిగితే తేలిపోయేది. కానీ దుకాణదారు అడిగే రకం కాదు, తూచే రకం. అడిగాక ఒప్పుకుంటే ఇంట్లో ఏడుపులు, ఒప్పుకోకపోతే పట్టింపులు. ఏది జరిగినా తన చేతిలో రుజువుండాలి. బయటివాళ్ళ వస్తువుతో పరీక్ష పెడితే తేడా వచ్చినప్పుడు పరువు పోతుంది. అందుకని భార్య ఉంగరం తీసుకున్నాడు.

నాలుగు మూలలా నాలుగు కొక్కేలు, మధ్యలో పలకగా కోసిన పచ్చ. పని నేర్చుకున్నాక బావమరిది తనంతట తాను పొదిగిన మొదటి రాయి అది. అక్క పెళ్ళికి ఇచ్చాడు. ఆ తర్వాతి నెలలోనే ఈ బల్ల దగ్గరికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళు ఆవిడ అదే చేత్తో గిన్నెలు తోమింది, బట్టలు పిండింది, పిల్లల వీపులు రుద్దింది. పచ్చ కదల్లేదు.

దుకాణదారు తలుపు దగ్గరగా వేసి, సన్నమూతి పటకారుతో నాలుగో కొక్కేన్ని కొంచెం మెలితిప్పి పైకి లేపాడు. చెవి దగ్గర కొట్టి చూసుకున్నాడు. అతని మామూలు చెవికే టిక్కు టిక్కుమని వినబడింది.

"ఇదిగో, మీ అక్క ఉంగరం. వదులైందేమోనని గొడవ. చూడు."

"నేను పొదిగిన పచ్చ వదులా? వదులైంది అక్క వేలు బావా. నాలుగు ముద్దలు ఎక్కువ తినమను," అంటూ బావమరిది ఉంగరం చెవి దగ్గర పెట్టుకున్నాడు. గోటితో మూడుసార్లు కొట్టాడు. పక్కన నిలబడ్డ దుకాణదారు మూడుసార్లూ ఆ టిక్కు విన్నాడు. బావమరిది ముఖంలో మాత్రం ఏమీ లేదు.

"భేషుగ్గా ఉంది," అన్నాడు.

రుజువు దొరికింది. ఇక నోరు తెరవడమే మిగిలింది. దుకాణదారు మొదటి మాట కోసం వెతుక్కుంటుండగానే బావమరిది ఉంగరాన్ని బల్లకు బిగించి, నొక్కే పనిముట్టు అందుకున్నాడు. ఈ ఏడాదిగా అతనికి అదో అలవాటైంది. చెవి చెప్పనిదాన్ని చేతి బలంతో పూడ్చుకోవడం.

"ఆగు," అన్నాడు దుకాణదారు.

అతనికి వినబడలేదు. తల వంచి, మూడు కొక్కేలూ నొక్కాడు. నాలుగోది నొక్కాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. రాయి విరిగిన సంగతి చెవికి కాదు, వేళ్ళకు తెలిసింది.

భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. పచ్చ మూల ఎగిరిపోయి, అక్కణ్ణుంచి ఓ తెల్లని గీత రాయి నడుమదాకా పాకింది.

"గాడి మెలి తిరిగి ఉంది బావా. రాయి అంచు గాడిలో లేదు, దాని కొస మీద ఆనుకుంది. నొక్కగానే మూల పోయింది."

"పాతబడింది కదయ్యా, అందుకే..."

బావమరిది అతని పెదవుల వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. "పాతబడితే కొక్కెం అరుగుతుంది, మెలి తిరగదు. ఇది పొదిగిననాడే వంకర. ఇన్నేళ్ళు ఎలా నిలిచిందో!" భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడాదిగా నాకు ఆ చప్పుడు వినబడట్లేదు బావా. రేపు చెబుదాం, రేపు చెబుదామని నెట్టుకొచ్చాను. చెవి పోతే పోయింది, చెయ్యి ఉందిలే అనుకున్నా. ఆ చెయ్యి మొదటి రోజు నుంచే లేదన్నమాట."

ఒక్క మాట చాలు, ఆ చెయ్యి అతనికి తిరిగొస్తుంది. దుకాణదారు ఆ మాటను తూచాడు. చెబితే, చెయ్యి బాగుందన్న ధైర్యంతో రేపు మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంటాడు, మళ్ళీ రాళ్ళు రాలతాయి. చెప్పకపోతే తను కోరుకున్నట్టే బల్ల ఖాళీ అవుతుంది, అదీ ఏ గొడవా లేకుండా. మూడో సంగతి కూడా ఉంది, నిజానికి అదే మొదటిది. తమ్ముడికి ఉచ్చు పన్నడానికి తన ఉంగరం వాడుకున్నాడని భార్యకు తెలుస్తుంది.

ఇంట్లోంచి ఆవిడ వచ్చింది. తమ్ముడి ముఖం చూసింది, ఉంగరం చూసింది.

"నా పనే వంకర అక్కా. నీకు పెళ్ళికి పనికిమాలింది ఇచ్చాను."

"పోనీలేరా, రాయి ముక్కేగా." అతనికి అందలేదని మళ్ళీ గట్టిగా అంది. ఆ తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి, వాడి తప్పేముందని."

దుకాణదారు ఉంగరం వైపు చూశాడు. "పచ్చ పెళుసు రాయి," అన్నాడు.

అతని పెదవులు కదలడం బావమరిది చూశాడు గానీ, ఏమన్నాడని అడగలేదు. పనిముట్లన్నీ ఒక గుడ్డలో చుట్టి, బల్లను అరచేత్తో తుడిచాడు. గీసి వదిలేసిన ఓ నమూనా కాగితం తిప్పి, పెన్సిలుతో సహా బావ ముందుకు తోశాడు.

"నేను పొదిగినవన్నీ వెనక్కి పిలిపించు. మొదటి నుంచీ. ఎవరైనా మంచి పనివాడికి చూపించు. రాసుకో. డాక్టరుగారి భార్య, కెంపు, ఆరు కొక్కేలు. పోస్టుమాస్టరు కోడలు, తెల్లరాయి, నాలుగు. మేడమీద దర్జీ వాళ్ళమ్మ..."

ఒక్కటీ మరిచిపోలేదు. అవన్నీ చెవి బాగున్న రోజుల్లోవి, బండలా బిగిసి ఉన్నవి. ఆ సంగతి దుకాణదారుకు తెలుసు. అయినా రాశాడు. కాగితం అడుగుదాకా నిండింది.

"ఇంకోటి తియ్యి బావా, ఇంకా చాలా ఉన్నాయి."

దుకాణదారు ఇంకో కాగితం తీశాడు.