అత్తమ్మ చెప్పబోయిన సాక్ష్యం

గచ్చిబౌలిలో కాపురం పెట్టినప్పటి నుంచి నాకు అన్నీ పండగే. మా ఆయన రాబిన్ ఆఫీసు నుంచి వస్తూ తెచ్చే వేడి మొక్కజొన్న, తలుపు పక్కన ఒకే మేకుకు వేలాడే మా ఇద్దరి ఐడీ కార్డులు, స్కానులో చిక్కుడుగింజలా కనిపించిన బిడ్డ. ఇంత సంతోషంలో ఉన్నదానికి ఇంకా ఆందోళన తగ్గే మాత్రలెందుకని నాకే సిగ్గేసింది. పెళ్లికి ముందు నుంచీ వాడుతున్నవే. కడుపులో బిడ్డకు మంచివి కావని ఫోనులో ఏవేవో చదివి భయపడి, డాక్టరును అడక్కుండానే మానేశాను.

మాతోనే ఉండే అత్తమ్మ దీనమ్మ రోజూ నా నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసేది. ఒకరోజు ఆమెను సంతోషపెడదామని, "మీ ప్రార్థనతో తగ్గిపోయింది అత్తమ్మా, మాత్రలు కూడా మానేశా" అన్నాను.

తగ్గలేదు. లిఫ్టు తలుపు మూసుకుంటే చాలు, గుండె దడదడ. మీటింగు మధ్యలో లేచి బాత్రూములో గోడ పట్టుకుని నిలబడేదాన్ని.

ఆదివారం చర్చిలో దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరే లేచి సాక్ష్యాలు చెప్పే వేళ అత్తమ్మ కొంగు సర్దుకుంది.

"ఇయ్యాల నీ గురించే చెప్త, జాస్మిన్. మాత్రల్లేకుండనే నా కోడలు మంచిగైందని."

"వద్దత్తమ్మా."

"సిగ్గేంది పిల్లా? నీ లెక్క పరేషానయ్యేటోళ్లు ఎంతమంది లేరు! విని వాళ్లు గూడ మాత్రలు బందు పెడ్తరు."

ముందు వరుసలో ఒక గర్భిణి పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంది. నేను అత్తమ్మ కొంగు పట్టుకున్నాను.

"నాకు తగ్గలేదు. మీతో అబద్ధం చెప్పాను. మాత్రలు ఆపేసినప్పటి నుంచి నిద్ర కూడా లేదు."

మైకు అప్పటికే ఆమె చేతికి వచ్చింది. దాన్ని పాస్టరుకు తిరిగిచ్చేసి, "నా సాక్ష్యం ఇయ్యాల లేదయ్యగారూ" అని కూర్చుంది. అందరూ మా వైపు తిరిగారు.

మర్నాడు డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్లింది.

"అన్ని మాత్రలూ ఒకటి కాదమ్మా. కొన్ని గర్భంతో ఉన్నా వాడొచ్చు. చెప్పకుండా ఒక్కసారే మానేస్తే మీకూ ఇబ్బందే, బిడ్డకూ ఇబ్బందే. వేసుకోవాలన్నా, మానాలన్నా ముందు నన్నడగండి" అంటూ డాక్టరు మందు చూసి, మోతాదు రాసింది. తల దించుకుని విన్నాను.

బయటికొచ్చాక అత్తమ్మ అంది: "అంతమందిల నాతోని అబద్ధం చెప్పిస్తుంటివి గద."

"తప్పయింది అత్తమ్మా."

"ఇగ ఏడ్వకు. గా మాత్ర అన్నం తిన్నంకనా, ముందటనా?"

"తిన్నాకే."

ఆ రోజు ఆమె నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడితే, ఆమె ఎదుటే మాత్ర వేసుకున్నాను. తలెత్తి ఆమె ముఖం చూడటం మాత్రం నా వల్ల కాలేదు.