ఎదురుగా నిలబడి నేర్పిన పట్టు

“అలా కాదు” అన్నారు మా ఆయన, వంటింటి గుమ్మంలో నిలబడి. నేను ఆయన గోల్ఫ్ కర్రల పిడులు సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడుస్తున్నాను. పైనుంచి కిందికి తుడవాలట, నేను కిందినుంచి పైకి తుడుస్తున్నానట. శనివారం సాయంత్రం ఈ పని నాది. ఆదివారం పొద్దున ఆడటం ఆయనది.

పెళ్లయ్యాక ఈ ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. కూరగాయలు తరుగుతుంటే కత్తి అలా కాదు. కారు నడుపుతుంటే స్టీరింగ్ అలా కాదు. వానలో నడుస్తుంటే గొడుగు అలా కాదు. పిల్ల పుట్టినప్పుడు మా అత్తగారు, “బిడ్డని అలా ఎత్తుకుంటే మెడ నిలవదు” అన్నారు. ఆ పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మెడ బ్రహ్మాండంగా నిలిచింది, ఎవరి ముందూ వంచదు కూడా. నేను ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. బిగుసుకుపోయిన భుజాలు, పైకి లేవని చేతులు నా చేతుల్లోనే మళ్లీ కదలడం మొదలుపెడతాయి. అక్కడ మా పెద్ద డాక్టరు కష్టమైన పేషెంట్లందర్నీ నా దగ్గరికి తోసేసి, “ఆవిడ చేతులు మంచివి” అంటారు. ఆ మంచి చేతులతోనే మీటింగులో టీ కప్పులు కూడా అందించమంటారు. అక్కడ మంచివైన చేతులు ఇంటికొచ్చేసరికి ఎందుకూ కొరగానివి ఎలా అవుతాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మా ఆయన క్లబ్బులో ఏటా జంటల పోటీ పెడతారు. దూరం కొట్టే దెబ్బలన్నీ మొగుడు కొట్టాలి. బంతి, గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదికి చేరాక, అక్కడినుంచి దాన్ని గుంతలోకి పంపే పని పెళ్లాంది. దానికి వాడే పొట్టి కర్రని పటర్ అంటారు. ఈసారి మా ఆయన పైఅధికారి, ఆయన భార్య కూడా ఆడుతున్నారు కాబట్టి మేమూ ఆడి తీరాలి. అందుకని ఒకరోజు హాల్లో కార్పెట్ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, నాకు ఎదురుగా నిలబడి, తనొక పటర్ పట్టుకుని, నాకొకటిచ్చి, “నన్ను చూసి పట్టుకో” అన్నారు. చూసి పట్టుకున్నాను. ఇంతలో ఫోన్ మోగితే వెళ్లిపోయారు. పాఠం అంతే.

అద్దంలో చూసినట్టు చూశాను నేను. ఆయన కుడిచెయ్యి కింద ఉంది. దానికి ఎదురుగా ఉన్నది నా ఎడమచెయ్యి కాబట్టి అదే కిందికి వెళ్లింది. అది తారుమారని నాకు తెలీదు. భుజాలు రెండూ సమానంగా దిగాయి, మణికట్లు బుద్ధిగా ఊరుకున్నాయి, బంతి వెళ్లి గ్లాసులో ఠంగుమంది. మళ్లీ కొట్టాను, మళ్లీ ఠంగుమంది. ఆ తర్వాత పొయ్యిమీద ఏదైనా ఉడుకుతున్నంతసేపూ, వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపూ అదే పని. దానివల్ల ఎవరి ఆకలీ తీరదు, ఎవరి చొక్కా మురికీ వదలదు. నాకు సంతోషంగా ఉంది, అంతే. ఎవరికీ ఉపయోగపడని సంతోషం ఇంత బాగుంటుందని నాకు అంతవరకూ తెలీదు.

పోటీకి ముందు ఒకరోజు క్లబ్బుకి ప్రాక్టీసుకి వెళ్లాం. ఆయన ఆఫీసు స్నేహితుడొకాయన నా చేతులు చూసి నవ్వాడు.

“ఏంటి గురూ, మేడమ్ చేతులు తలకిందులయ్యాయి?”

మా ఆయన మొహం మాడిపోయింది. “ఎవరు నేర్పారు నీకిది?”

“మీరే.”

“నేను చచ్చినా ఇలా చెప్పను.”

“చెప్పలేదండీ. ఎదురుగా నిలబడి చూపించారు.”

నేను కొట్టిన బంతి అప్పటికే గుంతలో పడింది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక ఇంట్లో మొదలైంది. ముందు కుడిచెయ్యి కిందికి పెట్టించారు. తర్వాత ఏదో వీడియో చూసొచ్చి, బొటనవేళ్లు రెండూ కర్రమీద బారుగా ఆన్చాలన్నారు. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నట్టు వేళ్లమధ్య పట్టాలన్నారు. మనిషి తనైనా ఒక పట్టుమీద నిలబడితే వినబుద్ధయ్యేది. ఆయన నెలకో పట్టు మారుస్తారు, అయినా బంతి పక్కకి పోతే పటర్ బరువులో తేడా ఉందంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అలా వంకపెట్టి పక్కన పడేసిన మద్దెలలన్నీ ఇప్పుడు మా అటకమీద ఉన్నాయి. ఆయన చెప్పిన ప్రతి పట్టుకీ నా బంతి సోఫా కిందికో టీవీ బల్ల కిందికో పోతోంది. బఠాణీలు ఒలుస్తూ ఇదంతా చూస్తున్న మా అత్తగారు, “వాడు చెప్పినట్టు వినరాదూ? ఇన్నేళ్లుగా ఆడుతున్నవాడికి తెలీదా?” అన్నారు. ఇన్నేళ్లుగా వండుతున్నదానికి ఉప్పెంత వెయ్యాలో తెలీదని అంతకు ముందురోజే అన్నారావిడ.

పోటీ రోజున కారులో మా ఆయన, “చూడు, నలుగురిలో నా పరువు తియ్యకు. నేను చెప్పినట్టే పట్టుకో” అన్నారు. సరే అన్నాను. నా నోటికి బాగా అలవాటైన మాట అది. మొదటి గుంత దగ్గర నా బంతి పక్కనుంచి దాటిపోయింది. తర్వాతి దగ్గర సగంలోనే ఆగిపోయింది. ఆయన పళ్లబిగువున, “అరచేతిలో కాదు, వేళ్లలో, వేళ్లలో” అంటున్నారు. నా వేళ్లు అప్పటికే బిగుసుకుపోయి తెల్లబడ్డాయి. ఏ పేషెంటైనా వేళ్లు అలా పెట్టుకుని కూర్చుంటే ఏమంటానో నాకు తెలుసు. ‘అంత గట్టిగా ఎందుకండీ, కాస్త వదలండి. మీ చేతికి ఏది హాయిగా ఉందో అదే మీకు సరైంది.’ రోజూ ఎందరికో చెప్తాను ఆ మాట. నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది. అందులో ఆయన వాటా కొంచెమే, మిగతాదంతా నేనన్న ఆ సరే మీద. ఓడిపోతే కప్పు పోతుంది, పోనీ. కానీ ఇంత పొట్టి కర్రని నాకు నచ్చినట్టు పట్టుకోలేకపోతే, ఇక నావి అని చెప్పుకోవడానికి నాకు ఈ చేతులు కూడా మిగలవు.

తర్వాతి బంతి ముందు నిలబడి, అందరూ చూస్తుండగా ఎడమచెయ్యి కిందికి తెచ్చాను.

“అలా కాదు” అన్నారాయన.

“మీరు కొంచెం పక్కకి జరగండి. మీ నీడ పడుతోంది.”

ఒక్క క్షణం చూసి, జరిగారు. బంతి నింపాదిగా, సొంతింటికి పోతున్నట్టు వెళ్లి గుంతలో పడింది. ఆ తర్వాతిదీ పడింది. ఆపైన నాకు మా ఆయన గొంతు వినపడటం మానేసింది. పంతం పట్టి వినకపోవడం కాదు, నాకు తీరిక లేదు. గడ్డి ఎటు వాలి ఉందో చూసుకోవాలి, ఎంత మెల్లగా తొయ్యాలో చేతులతో మాట్లాడుకోవాలి. ఆఖరి గుంతకి వచ్చేసరికి పైఅధికారి జంటా మేమూ సమానంగా ఉన్నాం. బంతి చాలా దూరాన, వాలులో ఉంది. కొట్టాను. అది కొంత దూరం వెళ్లి వంపు తిరిగి, గుంత అంచున తటపటాయించి లోపలికి దిగింది. నేను పైకే నవ్వాను. నా నవ్వు అంత గట్టిగా ఉంటుందని నేనే మర్చిపోయాను.

మా ఆయన కప్పుని రెండు చేతులా పట్టుకుని, “మా ఆవిడకి మొత్తం నేనే నేర్పాను” అని అందరికీ చెప్తున్నారు.

“అవునండీ, ఎదురుగా నిలబడి మరీ నేర్పారు” అన్నాను. ఆఫీసు స్నేహితుడు కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు.

పైఅధికారి భార్య నన్ను పక్కకి లాగింది. “నాకూ ఆ పట్టు చూపించండి. మా ఆయన చెప్పినట్టు పట్టుకుంటే మణికట్టు పీకేస్తోంది.”

“నేను చూపించనండీ. మీరే అన్ని రకాలుగా పట్టుకుని చూడండి. ఎలా హాయిగా ఉందో నాకు చెప్పండి” అని పటర్ ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ చేతులు మార్చిమార్చి చూసుకుంటుండగా క్లబ్బు సెక్రటరీ వచ్చాడు. వచ్చే నెల ఆడవాళ్లకి విడిగా పటింగ్ పోటీ ఉందట, ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా సాగుతుందట. “మేడమ్ వస్తారా సార్?” అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన పెద్ద మనసుతో నవ్వారు. “తనకెక్కడ కుదురుతుందండీ. ఆదివారమంటే ఇంట్లో సవాలక్ష పనులు.”

“కుదురుతుందండీ” అన్నాను సెక్రటరీ వైపు తిరిగి. “ఆ రోజు ఇంట్లో ఈయనుంటారు.”